రెండు రిమోట్ల వీడియో గేమ్

ఆ వీడియో గేమ్ కొనాలన్న ఆలోచన నాదే. పిల్ల అడగలేదు. మా పిల్ల అడిగే రకం కాదు. అప్పటికి దానికి పదకొండేళ్ళు, ఆరో తరగతి. వాళ్ళ నాన్న థర్మల్ స్టేషన్‌లో ఆపరేటర్. నేను పినపాక మండలంలో ఒక చిన్న బళ్ళో టీచర్ని. మేముండేది పాల్వంచలో, కాలనీ క్వార్టర్‌లో, మా అత్తమ్మతో కలిసి. పొద్దున ఆరున్నరకు మణుగూరు బస్సెక్కి, అక్కడ దిగి మళ్ళీ జీపో ఆటోనో పట్టుకుని బడి చేరేసరికి తొమ్మిది దాటేది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకు రోజంతా తెలుగు అక్షరాలు దిద్దించి, సాయంత్రం మళ్ళీ అదే దారిన ఇంటికొచ్చేసరికి ఆరున్నర, ఒక్కోసారి ఏడు. రెండు వేల మూడు, నాలుగు నాటి మాట ఇది. ఆ రోజుల్లో ఎవరైనా "బాగున్నావా" అని అడిగితే "కూర్చున్నాను" అని చెప్పబుద్ధయ్యేది. బస్సులో సీటు దొరికిన రోజే నేను బాగున్న రోజు.

షిఫ్టు డ్యూటీ మనిషి ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. 'ఏ' షిఫ్టు అంటే పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు, బీ అంటే రెండు నుంచి రాత్రి పది, సీ అంటే పది నుంచి తెల్లారి ఆరు. కొన్ని రోజులకొకసారి మారిపోతూ ఉంటుంది. ఆయన సీ షిఫ్టు దిగి వచ్చి పడుకున్నాడంటే ఇల్లంతా నోరు మూసుకోవాలి. విజిల్‌కు లేస్తాడని కుక్కర్ పెట్టేవాళ్ళం కాదు, అన్నం గిన్నెలో వండి వార్చేవాళ్ళం. టీవీ సౌండ్ సున్నాలో పెట్టుకుని బొమ్మలే చూసేవాళ్ళం. మా పిల్ల నడక నేర్చిందే మునివేళ్ళ మీద. గడప తగిలి కాలివేలు చితికినా సరే, పెరట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, అప్పుడు ఏడ్చేది. అది చూసి కాలనీ ఆడవాళ్ళంతా "ఎంత బుద్ధిమంతురాలో" అనేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

బీ షిఫ్టు రోజుల్లో ఆయన వచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. ఏ షిఫ్టు రోజుల్లో మధ్యాహ్నం వచ్చి పడుకునేవాడు. లేచేసరికి అది ట్యూషన్‌కు వెళ్ళిపోయేది, అది తిరిగొచ్చేసరికి ఆయన తెల్లారి నాలుగింటికి లేవాలని మళ్ళీ పక్కెక్కేవాడు. వారానికొక ఆఫ్, అది కూడా ఏ మంగళవారమో బుధవారమో పడేది. ఇద్దరి మధ్యా నేనే పోస్ట్‌మన్‌ని. "అమ్మా, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం కావాలె." "పిల్లకు జలుబు తగ్గిందో లేదో అడుగు." ఒకే కప్పు కింద ఉన్న మనుషులకు నేను కబుర్లు మోశాను.

ఒకరోజు జ్వరమొచ్చి బడికి వెళ్ళలేదు. పిల్ల మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి తింటోంది. కళ్ళద్దాలు మర్చిపోయానని, పక్క మనిషికి పది నిమిషాలు అప్పగించి, ఆయన డ్యూటీ మధ్యలో వచ్చాడు. ఆ వేళప్పుడు ఎప్పుడూ రాని మనిషి. తలుపు తీసుకుని లోపలికి అడుగు పెట్టగానే పిల్ల కంచం ముందు నుంచి లేచి నిలబడింది. ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకుని, తల వంచుకుని. బళ్ళోకి ఎంఈవో తనిఖీకి వస్తే మా పిల్లలు నిలబడతారే, అచ్చం అలాగే. ఆయన గడపలోనే ఆగిపోయాడు.

"తిను, తిను" అని, అద్దాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు అన్నం ముందు కూర్చుని, "నేనేమన్న ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిననా ఏంది, గట్ల లేచి నిలవడ్డది?" అని నవ్వాడు. నవ్వాడే గానీ అన్నం సగంలోనే వదిలేశాడు. నాకు ఆ రోజు నిజంగా భయమేసింది. ఇంకో ఆరేడేళ్ళలో ఈ పిల్ల ఎక్కడో హాస్టల్లో చేరుతుంది. అప్పుడు దానికి నాన్నంటే ఏం గుర్తుంటుంది? మూసిన తలుపు తప్ప.

మా వెనక లైన్‌లో ఒక క్వార్టర్ ఉండేది. ఆ ఇంటాయనకు జనరల్ షిఫ్టు, పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే అదృష్టవంతుడు. ఒక సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తుంటే వాళ్ళ కిటికీ బయట మా పిల్ల నిలబడి ఉంది. లోపల తండ్రీ కొడుకులు చాప మీద భుజం భుజం రాసుకుంటూ కూర్చుని, చెరొక రిమోట్ పట్టుకుని, టీవీలోకి చూస్తూ అరుచుకుంటున్నారు. "దూకు నాన్నా, దూకు!" అంటున్నాడు వాడు. ఆయన దూకలేక చస్తే వాడు పగలబడి నవ్వుతున్నాడు. మా పిల్ల ఆట చూడటం లేదు. వాళ్ళిద్దరినీ చూస్తోంది. తలనొప్పికి మాత్ర ఉన్నట్టు దీనికీ ఒక డబ్బా ఉందన్నమాట అనుకున్నాను. అంత అలసటలో మనిషికి తేలిక వైద్యాలే కనిపిస్తాయి.

ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఆయన నిద్రమత్తులో అన్నిటికీ అదే అంటాడు. అత్తమ్మే గొడవ చేసింది. మాది మూడు తరాలుగా చర్చికి వెళ్ళే ఇల్లు, ఆమె స్త్రీల కూటమికి పెద్ద.

"సైతాను డబ్బా తెస్తరా ఇంట్లకు?" అంది. రెండు రోజులు బతిమాలితే ఒక షరతు మీద దిగొచ్చింది. "ఆదివారం మాత్రం దాన్ని ముట్టొద్దు. అది ప్రభువు దినం. ముట్టిండ్రంటే నేనే బయట పారేస్త."

సరేనన్నాను. ఏదో ఒకదానికి ఒప్పుకుంది, అదే పదివేలు అనుకున్నాను. తండ్రీ బిడ్డలిద్దరికీ ఖాళీ దొరికే అవకాశం ఉన్నది ఎప్పుడైనా ఒక ఆదివారమే అని నాకప్పుడు తోచలేదు.

ఖమ్మం వెళ్ళి ముగ్గురం కలిసి కొనాలనుకున్నాం. ఆయన సీ షిఫ్టు దిగి ఆఫ్‌లోకి వచ్చే రోజు చూసి, నేను సెలవు పెట్టి, పిల్లను బడి మాన్పించాను. పొద్దున ఏడింటికి ఆయన కొత్త చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టుకుని కూర్చుంటే ఫోన్ వచ్చింది.

"రిలీవర్ రాలే. మీరు పోండ్రి."

అక్కడ పద్ధతి అది. తన కుర్చీలో కూర్చోవలసిన మనిషి వచ్చి సంతకం పెడితే తప్ప లేవడానికి లేదు. రాకపోతే డబుల్ డ్యూటీయే. ఏళ్ళ తరబడి వింటున్న మాటే అయినా ఆ రోజు ఫోన్ ఠక్కున పెట్టేశాను. పిల్ల లేచి, ఇస్త్రీ చొక్కా మడత పడకుండా తీసి హ్యాంగర్‌కు తగిలించింది.

కొత్తగూడెంలో మారి, ఇల్లందు మీదుగా వెళ్ళే బస్సెక్కి, ఖమ్మంలో దిగేసరికి ఎండ మాడుతోంది. కస్బా బజారు పక్క సందులో ఒక షాపు. పొడుగాటి అద్దాల కౌంటర్, దాని వెనక నడివయసు మనిషి, పక్కన ఆడుతూనే ఉన్న ఒక టీవీ. ఆయన మూడు రకాలు తీసి ముందు పెట్టాడు. ఒకటి చేతిలో పట్టుకుని ఆడుకునేది, సెల్లులతో నడిచేది. దాన్ని ఒక్కరే ఆడాలి కాబట్టి చూడగానే పక్కకు తోశాను. రెండోది క్యాసెట్లు గుచ్చేది. అట్టపెట్టెలోనే రెండు రిమోట్లు, ఒక క్యాసెట్. మూడోది నల్లగా, నున్నగా, సీడీ వేసి ఆడేది. దానికి ఒకటే రిమోట్, పక్కన అగ్గిపెట్టెలో సగమంత కార్డు.

"ఇది హైదరాబాద్ మాలు మేడం. బొమ్మ చూడుండ్రి ఎంత సాఫ్‌గ ఉందో" అన్నాడు షాపాయన.

పిల్ల ఆ కార్డు చేతిలోకి తీసుకుంది. అది నాతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అంతకుముందు నేను చూడలేదు.

"అమ్మా, ఇది తీసుకుందామే. ఇందుల సేవ్ అయితది. ఒకరు ఎక్కడ ఆపితే ఇంకొకరు ఆడికెళ్లే మొదలువెట్టొచ్చు. పొద్దుగాల ఒకరు, సాయంత్రం ఒకరు. ఎన్ని రోజులైనా గట్లనే ఉంటది."

"మరి దీంట్ల రెండో రిమోట్ ఏది?"

"అది వేరే తెప్పియ్యాలె మేడం, ఇప్పుడు స్టాక్ లేదు" అన్నాడాయన.

"ఇద్దరు కూసోని ఆడేది కావాలె మాకు" అన్నాను.

పిల్ల తలెత్తి నావైపు చూసింది. "ఎవరిద్దరమ్మా?"

"ఎవరేంది? నువ్వు, మీ నాన్న."

అది కార్డును జాగ్రత్తగా కౌంటర్ మీద పెట్టేసింది. "అవ్ అమ్మా" అంది. అంతే. ధరలో తేడా ఉంది గానీ నేను ఆగింది ధర దగ్గర కాదు. నా కళ్ళ ముందు ఆ కిటికీ ఉంది, చాప ఉంది, భుజం భుజం ఉంది. ఆపి ఆపి, ఒకరి తర్వాత ఒకరు ఆడేది ఏం ఆట అనుకున్నాను. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, పిల్ల చెప్పేది వినాలన్న ఇంగితం మాత్రం ఆ రోజు లేకపోయింది. క్యాసెట్‌ది ప్యాక్ చేయించాను.

తిరుగు బస్సులో ఇల్లందు దగ్గర గనుల మీద డ్యూటీ దిగినవాళ్ళు ఎక్కి, నిలబడేందుకు కూడా చోటు లేకుండా అయింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పిల్ల తల పెట్టుకుని పడుకుంటే, నేను ఎంత తృప్తిగా కూర్చున్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఆట అడవిలో. ఒక మనిషి వాగులు దూకుతూ, కొండలెక్కుతూ, మొసళ్ళను తప్పించుకుంటూ పోవాలి. రెండు రిమోట్లు పెడితే ఇద్దరు మనుషులు. ముప్పై అయిదు స్టేజీలని అట్ట మీద ఉంది. "ఇంటెనక ఉన్నదీ అడివే, పెట్టెల ఉన్నదీ అడివేనా?" అంది అత్తమ్మ. ఆ సాయంత్రం ఆయన డబుల్ డ్యూటీ దిగి వచ్చి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది" అని, బూట్లు విప్పకుండానే కుర్చీలో నిద్రపోయాడు.

తర్వాత వారం గడిచింది, నెల గడిచింది. రెండో రిమోట్ ప్లాస్టిక్ కవర్‌లోంచి బయటికి రాలేదు. నేను ఇంటికొచ్చేసరికి టీవీ ఆపి ఉండేది, పిల్ల పుస్తకాల ముందు ఉండేది, ఆయన డ్యూటీలోనో పక్క మీదో ఉండేవాడు. దానికోసం ఒక సెలవు, అత్తమ్మతో రెండు రోజుల పోరు, ఖమ్మం దాకా ప్రయాణం! ఒకరోజు ముగ్గురం ఒకేసారి అన్నాల దగ్గర దొరికితే ఉన్నదంతా కక్కేశాను.

"గింత దూరం పోయి తెస్తే కవర్ గూడ ఇప్పలే. ఒక్కరోజన్న ఇద్దరు కూసోని ఆడిండ్రా? నాదే బుద్ధి తక్కువ."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని కంచాల్లోకి తలలు వంచుకున్నారు. తప్పు చేసినవాళ్ళ చూపనుకున్నాను. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారన్నది మాత్రం గమనించలేదు.

డిసెంబర్ వచ్చింది. రెండో శనివారం నాకు సెలవు. క్రిస్మస్‌కు ముందు ఇల్లు దులపకపోతే అత్తమ్మ ఊరుకోదు. ఆమె పొద్దున్నే చర్చిలో కూటమికి వెళ్ళింది. పిల్ల కారల్స్ ప్రాక్టీస్‌కు వెళ్ళింది. ఆయనది పొద్దుటి ఏ షిఫ్టు. ఒక్కదాన్నే కొంగు నడుముకు చుట్టి, బూజు కర్ర పట్టుకుని ముందు గదిలో మొదలుపెట్టాను. వారమంతా బస్సుల్లో నలిగి, దొరికిన ఒక్క సెలవు రోజున కూడా నాకు దొరికింది బూజు. మనసు అప్పటికే చేదుగా ఉంది.

టీవీ బల్ల ముందుకు జరిపాను. గేమ్ డబ్బా కింది అరలో, అత్తమ్మ అల్లిన గుడ్డ కప్పుకుని ఉంది. వెనక వైర్ల మధ్య చెయ్యి పెడితే అడాప్టర్ చురుక్కుమంది. గుడ్డ తీసి చూస్తే డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోంది. టీవీ ఆపి, ఇది ఆపలేదన్నమాట. ఎన్ని గంటల నుంచి ఉందో! కొంప అంటుకుంటే? "ఆడటానికి తీరిక లేదు గానీ ఆపడానికి గూడ తీరిక లేదు" అని పైకే తిట్టుకుంటూ ప్లగ్గు పీకేశాను.

డబ్బా ఎత్తితే దాని కింద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్ట మీద ఆయన చేతిరాతలో "చార్జ్ బుక్" అని ఉంది. స్టేషన్ పుస్తకం ఇంటికి తెచ్చాడేమో అనుకుని తెరిచాను.

మొదటి పేజీలో ఇలా ఉంది: "యూనిట్ ఆపరాదు. పాజ్ చేసి టీవీ మాత్రమే ఆపవలెను. చార్జ్ ఇచ్చేవారు, తీసుకునేవారు తప్పక సంతకం చేయవలెను." దాని కింద రెండు సంతకాలు. ఒకటి ఆయనది, ఇంకొకటి పిల్లది. ఆ వయసులో దానికి సంతకమేమిటి, అక్షరాలను కలిపి గొలుసులా రాసుకుంది.

అప్పుడు అర్థమైంది. స్టేషన్‌లో షిఫ్టు మారినప్పుడు కరెంటు తీసే యూనిట్ ఆపరు. దిగే మనిషి అది ఏ స్థితిలో ఉందో పుస్తకంలో రాసిస్తాడు, ఎక్కే మనిషి చదివి సంతకం పెట్టి చార్జ్ అందుకుంటాడు. ఆయన బతుకంతా ఆ పద్ధతిలోనే నడిచింది. సేవ్ కాని ఆటను నేను ఇంటికి తెస్తే, ఆయన ఆ పద్ధతిని ఇంటికి తెచ్చాడు. ఒక్క రిమోట్, ఒక్క మనిషి. సీ షిఫ్టు దిగి నిద్ర లేచాక ఆయన కొంత ఆడి రాసిపెట్టడం, బడి నుంచి వచ్చాక అది కొంత ఆడి రాసిపెట్టడం. చచ్చిపోతే మళ్ళీ మొదటి నుంచి. రెండు నెలలుగా ఇదే నడుస్తోంది.

పేజీ నిండా స్కేలుతో గీసిన గడులు. స్టేజీ, మిగిలిన ప్రాణాలు, రిమార్కులు, సంతకం. బూజు కర్ర గోడకు ఆనించి నేల మీద కూర్చుని చదివాను.

"మొసలి రెండుసార్లు నోరు మూస్తది, మూడోసారి తెరుస్తది. తొందరపడకు" అని ఆయన రాస్తే, కింద అది, "నువ్వు చెప్పినట్లే చేసింది. కాని ఒక ప్రాణం పోయింది, సారీ" అని రాసింది. ఆ తర్వాత మెల్లమెల్లగా రిమార్కుల గడిలో ఆట తగ్గి వేరే మాటలు వచ్చాయి. "ఈరోజు లెక్కల సార్ కొట్టిండు. అమ్మకు చెప్పకు." దానికి జవాబు, "చెప్పను. ఎక్కడ కొట్టిండు, చెయ్యి వాచిందా?" ఇంకోచోట అది అడిగింది, "నాన్నా, నీ చెవుల్ల ఇంకా గుయ్ అంటుందా?" ఆయన రాశాడు, "డ్యూటీ దిగినంక ఒక గంట ఉంటది. పడుకుంటే తగ్గుతది. భయపడకు."

ఆయన చెవుల్లో గుయ్‌మంటుందని నాకు తెలియదు. పెళ్ళై పద్నాలుగేళ్ళు.

నా గురించి కూడా ఒకచోట ఉంది. "అమ్మ మణుగూరు నుంచి నిలవడి వచ్చిందట. కాళ్ళు వాచినయి. ఇయ్యాల ఏమడగకు." కింద ఆయన ఒక్క ముక్కే రాశాడు, "సరే." అక్షర దోషాలు నాలుగు కనిపించాయి. ఎప్పుడూ ఆగని చెయ్యి ఆ రోజు దిద్దడానికి లేవలేదు.

ఆఖరి రాత నిన్న సాయంత్రానిది, పిల్లది. "స్టేజీ 34 అయింది. ప్రాణాలు 2. పదకొండు రోజుల నుంచి యూనిట్ ఆగలేదు. ఇంక ఒక్కటే నాన్నా. నేను ఆడకుండ ఉంచిన. రేపు నీది పొద్దుగాల ఏ షిఫ్టు, నా ప్రాక్టీస్ ఒంటిగంటకు అయిపోతది. ఆదివారం గూడ కాదు. ఆఖరుది ఇద్దరం కూసోని చూద్దాం." దాని కింద ఆయన సంతకం, పొద్దున డ్యూటీకి పోతూ పెట్టింది. చార్జ్ తీసుకున్నట్టు.

పీకిన ప్లగ్గు నా పక్కనే నేల మీద పడి ఉంది. గబగబా గుచ్చి టీవీ పెట్టాను. అడవి వచ్చింది. మనిషి మొదటి వాగు ముందు నిలబడి ఉన్నాడు. స్టేజీ ఒకటి.

కరెంటు పోయిందని చెబుదామా అన్న ఆలోచన వచ్చింది, దాచడం ఎందుకు. కానీ కరెంటు పుట్టేది మా ఇంటికి కూతవేటు దూరంలో. కాలనీలో కరెంటు పోయిందంటే చంటిపిల్ల కూడా నమ్మదు. చివరికి పుస్తకంలో కొత్త గడి గీసి, నా చేత్తోనే రాశాను: "యూనిట్ ఆపినది: అమ్మ. కారణం:" ఆ తర్వాత ఏం రాయాలో తెలియక వదిలేశాను.

ఒంటిగంట దాటాక పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖమంతా వెలుగు. జరిపిన బల్ల, తీసిన గుడ్డ, టీవీలో బొమ్మ చూసి ఆగిపోయింది.

"నేనే తీసిన బిడ్డా. ఎర్రలైటు చూసి... నాకు తెల్వదు" అన్నాను.

నోరు తెరిచింది. గట్టిగా అరుస్తుందనుకున్నాను. అరవాలని కోరుకున్నాను కూడా. అది అలవాటు చొప్పున పడకగది తలుపు వైపు ఒకసారి చూసి, లోపల ఎవరూ లేకపోయినా సరే, మునివేళ్ళ మీద పెరట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను ఇవతలే నిలబడ్డాను. ఆ తలుపు తీసే ముఖం నాకు లేకపోయింది.

రెండున్నరకు ఆయన వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే పుస్తకం తీశాడు. నా రాత చదివి, జేబులోంచి పెన్ను తీసి, నేను వదిలేసిన చోట "సమాచార లోపం" అని నింపి సంతకం పెట్టాడు.

"ఎవరి లోపం?" అన్నాను. ఉన్న ఏడుపంతా కోపంగా మారింది. "నేను బస్సుల్ల పడి చచ్చి వస్తాంటే, రెండు నెలల సంది ఇద్దరు ఒక్క మాట చెప్పలే నాకు. నేనేమన్న పరాయిదాన్నా?"

"మా లోపమే. నీకు చార్జ్ ఇయ్యలే" అన్నాడాయన మెల్లగా. "బిడ్డనే అన్నది, అమ్మ అలిసిపోయి వస్తది, మళ్ల దీనితోని సతాయించుడు ఎందుకని."

అన్నం తిన్నాక ఆయన రెండో రిమోట్ కవర్ పళ్ళతో చింపాడు. పెరటి తలుపు తీసి పిలిచాడు. "రా బిడ్డా. పోతే పోయింది. మళ్ల మొదటికెళ్లి ఆడుదాం. ఇయ్యాల ఇద్దరం."

అది ముఖం కడుక్కుని వచ్చింది. చాప వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు, భుజం భుజం ఆనించి. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. అరుపులు లేవు, నవ్వులు లేవు. ఇంట్లో ఎవరూ పడుకోలేదు, అయినా టీవీ సౌండ్ సున్నాలోనే ఉంది. పెంచాలని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. రాసుకోవడం అలవాటైన మనుషులకు పక్కపక్కన కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియలేదు. "దూకు" అని ఆయన ఒకసారి, "అవ్ నాన్నా" అని అది ఒకసారి.

తెల్లారి నాలుగింటికి లేచిన మనిషి. మూడో స్టేజీలో ఆయన గడ్డం మెల్లగా ఛాతీ మీదికి వాలింది. రిమోట్ చేతిలోనే ఉంది. టీవీలో ఆయన మనిషి వాగు ఒడ్డున నిలబడిపోయాడు. ఇద్దరిలో ఒకరు ఆగితే ఆ ఆట ముందుకు కదలదు. పిల్ల కొంచెంసేపు చూసింది. లేపుతుందేమో అనుకున్నాను. అది తన రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, పక్కకు వంగి, ఆయన చేతిలో ఉన్న రిమోట్‌ను అలాగే ఉంచి, ఆయన వేళ్ళ పక్కనుంచి తన వేళ్ళు పెట్టి నొక్కింది. ఆయన మనిషి నాలుగడుగులు వేసి వాగు దూకాడు. తర్వాత తన రిమోట్ తీసుకుని తన మనిషిని దూకించింది. మళ్ళీ ఆయనది. మళ్ళీ తనది.

చూడలేకపోయాను. వెళ్ళి చాప అంచున కూర్చుని చెయ్యి చాపాను. "ఇటియ్యి, నాన్నది నేను ఆడత" అన్నాను గుసగుసగా.

అది నావైపు తిరిగింది. కళ్ళలో కోపం లేదు.

"వద్దమ్మా. అది నాన్నది" అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను కోరుకున్నది నా ఎదురుగానే ఉంది. దానికి నాన్న ఉన్నాడు, ఆయన చోటు అది ఎవరికీ ఇవ్వదు, నాకైనా సరే. సంతోషించవలసిందే. సంతోషించాను కూడా. ఆయన లేవకుండా చప్పుడు చేయకుండా లేచి, ఇంకా దులపాల్సిన గదులు రెండు ఉంటే, బూజు కర్ర తీసుకుని లోపలికి వెళ్ళాను.